నెల్లూరులో పాత స్నేహితురాలితో ఓ పూట: ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?

నా కాపురం తిరుపతిలో, తనది ఒంగోలులో. ఇద్దరం చదువుకున్నది నెల్లూరు డీకే కాలేజీలో కాబట్టి కలుద్దామనుకుంటే నోటికొచ్చే ఊరు అదే. దూరం కూడా ఇద్దరికీ ఇంచుమించు సమానం. తను పొద్దున పినాకిని రైలు ఎక్కితే టిఫిన్ వేళ దాటకముందే నెల్లూరులో దిగుతుంది, సాయంత్రం మద్రాసు నుంచి తిరిగొచ్చే పినాకినిలో వెనక్కి పోతుంది. నాకు బస్సులకు కొదవ లేదు. చిక్కల్లా మధ్యలో ఉన్న ఆ పగలంతా ఎక్కడ కూర్చోవాలన్నదే.

మూలాపేటలో మా పెద్దమ్మ వాళ్ళున్నారు. వెళ్తే అన్నం పెట్టకుండా పంపరు. కానీ ఆ ఇంట్లో మాటలు "పిల్లోడికి ఉద్యోగం వచ్చిందా" దగ్గర మొదలై, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారన్న దాకా సాగుతాయి. మేం చెప్పుకోవాల్సినవి చెప్పుకోకుండానే బండి టైము అయిపోతుంది. ఊరికొచ్చి గుమ్మం తొక్కలేదని తెలిస్తే అదో గొడవ. అందుకే మూలాపేట వైపు తిరగం. అక్కడ శివాలయం చూడాలని నాకున్నా సరే.

మాల్ సంగతి త్వరగా తేల్చేస్తాను. ఏసీ ఉంది, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, ఇద్దరాడవాళ్ళు ఎంతసేపు కూర్చున్నా అదోలా చూసేవాళ్ళు లేరు. ఇవి చిన్న విషయాలు కావు. ఫుడ్ కోర్టులో మాత్రం ఒకరు టేబుల్ కాపలా కాయాలి, ఇంకొకరు కౌంటర్ దగ్గర నిలబడాలి. పైగా పిల్లల ఆటల మిషన్ల మోత. మాగుంట లేఅవుట్ వైపు కొత్త కెఫేలు చాలానే వచ్చాయి. మేం వెళ్ళిన దాంట్లో కుర్చీలు మెత్తగా ఉన్నాయి, కాఫీ మాత్రం చల్లారి వచ్చింది. పాటల సౌండ్ తగ్గించమంటే ఆ అబ్బాయి నవ్వి, నిజంగానే తగ్గించాడు. ఈలోగా పక్క టేబుల్లో పుట్టినరోజు కేకు కోశారు. ఇక మళ్ళీ పెంచక తప్పలేదు. పాతికేళ్ళ లోపు వాళ్ళకు బాగానే ఉంటుంది.

నా ఓటు మాత్రం ట్రంకు రోడ్డు మీద ఉండే పాతకాలపు టిఫిన్ హోటళ్ళకే. ఒక్క షరతు, పదిన్నర దాటాక వెళ్ళాలి. ఎనిమిదిన్నరకు వెళ్తే మన కుర్చీ వెనకాలే ఇంకొకాయన నిలబడి మన ప్లేటులో ఎంత మిగిలిందో చూస్తుంటాడు. ఒంటిగంటకు వెళ్తే భోజనాల టోకెన్ల హడావుడి. పదిన్నర నుంచి పదకొండున్నర, పన్నెండు దాకా ఆ హోటళ్ళు ఒక్కసారిగా నిమ్మళిస్తాయి. ఫ్యాన్ కింద టేబుల్ దొరుకుతుంది. సర్వర్లు ఓ మూల కూర్చుని తమ టిఫిన్ తింటుంటారు. ఒకాయన భోజనాలకు గ్లాసులు సర్దుతుంటాడు. బిల్లు తెచ్చి మొహాన పెట్టే తొందర ఎవరికీ ఉండదు.

మేం ఒక కారం దోసె చెప్పి చెరిసగం చేసుకున్నాం. వెల్లుల్లి వేసి నూరిన ఎర్రకారం దోసె అంతా పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి మడిచి తెచ్చారు. మడత విప్పితే అంచుల్లో కారం కాస్త మాడి నల్లబడింది. నాకు ఇష్టమైన చోటు అదే, తనకూ అదే. "ఏందే, ఇంకా అంచులకే కొట్లాడాల్నా?" అంది. అక్కడ మొదలైన మాటలు రెండో కాఫీ దాకా ఆగలేదు. తన అత్తగారి ఆపరేషన్, ఒంగోలులో కట్టుకుంటున్న ఇల్లు, మా ఆయన బదిలీ టెన్షన్ అన్నీ అయ్యాయి. మధ్యలో సర్వర్ వచ్చి "ఇంకేమన్నా కావాలామ్మా?" అని ఒక్కసారే అడిగి వెళ్ళిపోయాడు. నా లెక్కలో మంచి సర్వీసంటే అదే.

లోటు చెప్పాలంటే బాత్రూములు. పాత హోటళ్ళలో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. రైలు దిగగానే స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఆ పని చూసుకుని బయల్దేరడం మేలు.

మధ్యాహ్నానికి చేపల పులుసు తినాలని తనకు పట్టుదల. నెల్లూరు వచ్చి అది తినకుండా వెళ్తే ఒంగోలులో పరువు పోతుందట. మామిడికాయ ముక్కలు వేసి వండిన పులుసు, కొరమేను ముక్క. పులుపూ కారమూ బాగా కుదిరాయి. కానీ కబుర్లకు అది పనికిరాని భోజనం. ముల్లు చూసుకునే ధ్యాసలో ఉన్నవాళ్ళు ఊఁ కొట్టగలరంతే. శాకాహారమైతే కోమల విలాస్ లాంటి పాత పేర్లున్నాయి. అక్కడా తినడానికే వెళ్ళాలి, మధ్యాహ్నం రద్దీలో తిన్నాక కూర్చుంటే మర్యాదగా ఉండదు.

ఎండాకాలం అయితే లాడ్జి రూము ఆలోచించాల్సిందే. మేలో నెల్లూరు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం రెండింటికి బయట ఎక్కడా కూర్చోలేం. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో అడిగాం. సాయంత్రం నాలుగింటికి ఖాళీ చేసినా పూర్తి రోజు అద్దె అన్నారు. ఆధార్ ఇచ్చాక కూడా కౌంటర్లో ఉన్నాయన "ఇంకెవరన్నా వస్తారా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ అడగడం నచ్చలేదు. కానీ లోపలికి వెళ్ళి చెప్పులు విడిచి, ఏసీ వేసి, చెరో దిండు లాక్కుని పడుకుని మాట్లాడుకుంటే హాస్టల్ రోజులు గుర్తొచ్చాయి. ఇద్దరం పంచుకుంటే కెఫేలో అయ్యే ఖర్చుకు మరీ ఎక్కువేం కాదు. ఇంకాస్త పెద్ద హోటల్ చూసుకుని ముందే ఫోన్లో మాట్లాడుకుంటే ఆ ప్రశ్నల బాధ కూడా ఉండదు. మొహర్రం రోజుల్లో మాత్రం రూముల మాట మరిచిపోండి. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, ఊళ్ళో కాలు పెట్టే సందుండదు.

ఆరుబయట అంటే నా మొదటి మాట పెన్న ఒడ్డే. రంగనాయకుల గుడి దర్శనం చేసుకుని, ఏటి వైపు వెళ్ళి కూర్చోవచ్చు. ఏట్లో నీళ్ళున్న రోజుల్లో గాలి హాయిగా ఉంటుంది. 2022లో కొత్త బ్యారేజీ మొదలయ్యాక దాని వంతెన మీదుగా ఓసారి అటు తిరిగి రావడం కూడా బాగుంది. చలికాలం సాయంత్రాలకు ఇంతకంటే మంచి చోటు ఊళ్ళో లేదు. మా కష్టమేమిటంటే తన బండి సాయంత్రమే. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, ఏటి ఒడ్డున ఎండ మొహాన కొడుతుంది. రాత్రి బండికి పోయేవాళ్ళయితే నేరుగా ఇక్కడికే రండి.

మైపాడు బీచి ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు. పాతిక కిలోమీటర్లు, పోను రాను ఆటో మాట్లాడుకోవాలి. చీకటిపడ్డాక ఇద్దరాడవాళ్ళం తిరిగి రావడం నాకిష్టం లేదు. రాత్రికి ఉండేలా వస్తే అప్పుడు చూస్తాం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా టికెట్ తీసుకునే ముందు వాయుగుండం వార్తలు చూసుకోవాలి. 2021 నవంబరు వరదలకు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కోసుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి, కోవూరు దగ్గర హైవే కూడా తెగింది. అంతటి వరద ఏటా రాదు కానీ, ముసురు పట్టిన రోజున ట్రంకు రోడ్డు నుంచి స్టేషన్‌కు ఆటో దొరకడం కూడా గగనమే.

ఇంకొకటి. మలై కాజా కొనాలనుకుంటే మధ్యాహ్నమే కొని సంచిలో పెట్టుకోండి. బండికి అరగంట ముందు స్వీటు షాపులో నిలబడి ఏది తాజాదని అడుగుతుంటే ఆటో అతను హారన్ కొడుతూనే ఉంటాడు. మేం కిలో కొన్నాం, తను ముప్పావు కిలో తీసుకుంది. నేనేమీ అనలేదు, దోసె అంచులు ఎక్కువ నేనే తిన్నాను కాబట్టి.