ఓవెన్ ముక్కలా, పెనం మీది రొట్టెలా, వేరుశనగ ఉండలా? చిన్నపిల్లలున్న ఇంట్లో ఓట్స్ చిరుతిండికి ఏది మేలు

బజారులో ‘ఓట్స్ బిస్కెట్లు’ అని అమ్మే పొట్లం వెనక పదార్థాల వరుసను ఒకసారి చదవండి. చాలా వాటిలో మొదట కనిపించేది మైదా. తర్వాత చక్కెర, నూనె. ఓట్స్ పేరు ఎక్కడో కింద ఉంటుంది. బరువులో ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాయాలన్నది మన దేశంలో నిబంధన కాబట్టి ఆ వరుసే అసలు సంగతి చెప్పేస్తుంది. పిల్లల కోసమని ఓట్స్ కొంటున్నామనుకుని మైదా కొంటున్నాం. నిజంగా ఓట్స్ తినిపించాలంటే ఇంట్లో చేసుకోవడమే మార్గం.

ఇంట్లో అంటే ఎలా అన్నదే ప్రశ్న. అనంతపురంలో మా పరిచయస్తుల ఇళ్ళలో మూడు పద్ధతులు చూస్తున్నాను. కరెంటు ఓవెన్‌లో పళ్ళెం నిండా పరిచి కాల్చి ముక్కలు కోసుకోవడం ఒకటి. ఇనుప పెనం మీద చిన్న చిన్న రొట్టెలుగా కాల్చడం మరొకటి. అసలు కాల్చకుండా, వేయించి పొడి చేసి ఉండలు చుట్టడం మూడోది. రుచి ఒక్కటే కొలతైతే ఓవెన్‌దే పైచేయి. కానీ చంకలో ఒకరు, కొంగు పట్టుకుని మరొకరు ఉన్న ఇంట్లో నేను ముందుగా చూసేది వేరు: పనిని మధ్యలో వదిలేసి వెళ్ళగలమా? చంటివాడు నిద్ర లేస్తాడు, పెద్దది గుమ్మం దగ్గర పడుతుంది, పాలు పొంగుతాయి. ఆ పది నిమిషాలు వంట మన కోసం ఆగుతుందా, మాడిపోతుందా? నా తూకంలో రుచికన్నా ఇదే బరువైన ప్రశ్న.

కుక్కర్‌లో ఉప్పు పోసి కాల్చే పద్ధతిని మొదటే పక్కన పెడుతున్నాను. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పో ఇసుకో పోసి, దాని మీద స్టాండు పెట్టి చేస్తారు. కేకుకు అది పనికొస్తుంది. బిస్కెట్టుకు, ఓట్స్ ముక్కకు పనికిరాదు. ఇవి కరకరలాడాలంటే పైనుంచి కూడా వేడి తగలాలి. కుక్కర్‌లో వేడి అంతా కిందినుంచే వస్తుంది కాబట్టి అడుగు నల్లబడేసరికి పైభాగం తెల్లగా, మెత్తగానే ఉంటుంది. పైగా నీళ్ళు లేకుండా అంతసేపు మంట మీద ఉంచితే కుక్కర్ పాడవుతుంది. తప్పదనుకుంటే మందమైన పాత అల్యూమినియం డబరాలో చేసుకోండి. రోజూ పప్పు ఉడికే కుక్కర్‌ను మాత్రం బలి చేయకండి.

ఇక ఓవెన్ సంగతి. ఇందులో రెండు రకాలు చేయవచ్చు, వాటి మధ్య తేడా పెద్దది. ఒక్కొక్క బిస్కెట్టుగా వత్తి కాల్చడం చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఇళ్ళలో ఉండే చిన్న ఓవెన్‌లో ఒక విడతకు ఎనిమిదో తొమ్మిదో పడతాయి. ఒక్కో విడత 12 నుంచి 15 నిమిషాలు, మూడు విడతలు, ప్రతిసారీ కాలే పళ్ళెం బయటికి తీయడం, మళ్ళీ పెట్టడం. చిన్నపిల్లలు కాళ్ళకు అడ్డం తిరిగే ఇంట్లో ఇది నాకు నచ్చదు. అదే మిశ్రమాన్ని ఒకే పళ్ళెంలో పరిచి కాలిస్తే తలుపు ఒకసారి మూయడం, ఒకసారి తెరవడం. అంతే.

నేను చేసే కొలత చెబుతాను. పావుకిలో ఓట్స్, 125 గ్రాముల వెన్న, 150 గ్రాముల తురిమిన బెల్లం, గుప్పెడు వేయించిన వేరుశనగ పొడి, చిటికెడు ఉప్పు, నాలుగు యాలకులు. బెల్లంలో రెండు చెంచాల నీళ్ళు పోసి సన్నని సెగ మీద కరిగించి వడకట్టాలి. మన బజారు బెల్లంలో ఇసుక వస్తుంది కాబట్టి వడకట్టడం మానకూడదు. అందులో వెన్న వేసి కరిగించి, ఓట్స్, మిగిలినవి కలిపేయాలి. వెన్నకాగితం పరిచిన పళ్ళెంలో వేసి గ్లాసు అడుగుతో గట్టిగా అదమాలి. వదులుగా వదిలేస్తే ముక్కలు రాలిపోతాయి. 170 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. అంచులు ఎర్రబడి, మధ్యలో వేలితో నొక్కితే ఇంకా మెత్తగా ఉండగానే తీసేయాలి. గట్టిపడేది చల్లారేటప్పుడే. పది నిమిషాలాగి గోరువెచ్చగా ఉన్నప్పుడు చాకుతో గీతలు పెట్టి, పూర్తిగా చల్లారాక విడదీయాలి. వేడి మీద విడదీస్తే పొడి అవుతుంది, చల్లారాక కోయబోతే పెళ్ళలుగా విరుగుతుంది.

మధ్యలో వదిలేయవచ్చా అన్న కొలతలో ఓవెన్ సగం నెగ్గుతుంది. లోపల పెట్టాక టైమరు దాన్ని చూసుకుంటుంది, సమయం అయ్యాక ఆగిపోతుంది. ఆ 25 నిమిషాల్లో బిడ్డకు స్నానం చేయించవచ్చు. బెల్లం కరిగించే పది నిమిషాలు మాత్రం కదలడానికి లేదు. కరెంటు ఖర్చుకు భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. చిన్న ఓవెన్ 1200, 1300 వాట్ల చుట్టూ ఉంటుంది. ముందుగా వేడెక్కడంతో కలిపి 40 నిమిషాలు నడిచినా ఒక యూనిట్ దాటదు. అసలు చిక్కు కరెంటు పోవడం. మామూలు ఇన్వర్టర్ ఆ బరువును మోయదు. సగం కాలిన పళ్ళెం అలాగే ఉండిపోతే తిరిగి కాల్చినప్పుడు పైభాగం ఎండి, లోపల ముద్దగా మిగులుతుంది.

ఇంకొక చిక్కు అద్దం తలుపు. అది ఎంత కాలుతుందో బయటికి కనిపించదు. మంట కనిపిస్తే పిల్లలు కొంత వెనక్కి తగ్గుతారు. వెలుగుతున్న ఓవెన్ మాత్రం వాళ్ళ కళ్ళకు చిన్న టీవీ, దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ ఆనించాలనిపిస్తుంది. వంటగట్టు మీద లోపలికి జరిపి పెట్టే చోటు లేకపోతే, తిరిగే వయసు పిల్లలున్న ఇంట్లో ఓవెన్ వద్దనే అంటాను.

పెనం మీది రొట్టెలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏడాది దాటిన పిల్లలకు మాత్రం వాటిని మించినవి లేవు. బాగా మగ్గిన అరటిపండు ఒకటి చిదిమి, అందులో ఇమిడినంత ఓట్స్ పొడి కలిపితే ముద్ద తయారవుతుంది. బెల్లం అక్కర్లేదు, పండు తీపి చాలు. తడిచేత్తో రూపాయి బిళ్ళకు రెండింతల మేర తట్టి, నెయ్యి రాసిన ఇనుప పెనం మీద మూత పెట్టి సన్నని సెగ మీద రెండు వైపులా కాల్చాలి. పావుగంటలో అయిపోతుంది. పళ్ళు వస్తున్న పిల్లలు పట్టుకుని కొరకడానికి అనువైన మెత్తదనం వస్తుంది. పిల్లల వైద్యులు రెండేళ్ళలోపు వాళ్ళకు చక్కెర, బెల్లం కలపని తిండే మేలంటారు. ఈ మూడింటిలో ఆ మాటకు పూర్తిగా కట్టుబడేది ఇదొక్కటే. లోపం ఏమిటంటే, పెనం దగ్గరే నిలబడాలి, నిలవ ఉండవు. ఎండాకాలంలో పొద్దున చేసినవి సాయంత్రానికి వాసన వస్తాయి. ఎప్పటికప్పుడు నాలుగైదు కాల్చుకోవలసినవే.

ఉండల విషయానికొస్తే నా మొగ్గు దాచుకోను. ఒకటిన్నర కప్పు ఓట్స్‌ను సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు వేయించాలి. రంగు మారనక్కర్లేదు, కమ్మటి వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి కావాలి. ఒక కప్పు వేరుశనగలు విడిగా వేయించి పొట్టు తీసి, ఓట్స్‌తో కలిపి బరకగా పొడి చేయాలి. ముప్పావు కప్పు బెల్లం తురుము, యాలకులు వేసి మిక్సీని మరోసారి తిప్పితే చాలు. వేరుశనగ గింజలో దాదాపు సగం నూనే. మిక్సీ వేడికి అది బయటికి వచ్చి పొడిని పట్టి ఉంచుతుంది. రెండు చెంచాల నెయ్యి కరిగించి పోస్తే ఉండ చక్కగా కుదురుతుంది. పాకం పట్టే పని లేదు. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న లాభం కాదు, ఎందుకంటే కాగే బెల్లం పాకం చర్మానికి అంటుకుని నీళ్ళకన్నా లోతుగా కాలుస్తుంది.

మధ్యలో వదిలేయగలగడం అన్నది ఇక్కడ పూర్తిగా నెరవేరుతుంది. ఓట్స్ వేయించి పొయ్యి కట్టేసి వెళ్ళిపోండి, గంట తర్వాత రండి, ఏమీ కాదు. పొడి చేసి డబ్బాలో పెట్టి మర్నాడు ఉండలు చుట్టినా అంతే. రెండో లాభం దీనికన్నా విలువైనది: ప్రతి పదార్థం ముందే వేగింది కాబట్టి పిల్లలు కలుపుతూ కలుపుతూ నోట్లో వేసుకున్నా దిగులుండదు. పచ్చి మైదా, పచ్చి గుడ్డు కలిసిన బిస్కెట్టు పిండిని పిల్లలు నాకితే కడుపు పాడయ్యే ప్రమాదం నిజంగానే ఉంది. రెండేళ్ళవాడికి గిన్నె అప్పగించి ‘కలుపు, కానీ తినకు’ అని చెప్పడం ఎవరి తరం? ఉండల పొడి ముందు కూర్చోబెడితే వాడు సగం తింటాడు, సగం ఒలకబోస్తాడు, మిగిలిన దానితో వంకర టింకరగా రెండు ఉండలు చుడతాడు. తన చేత్తో చేసినదాన్ని వాడు తప్పకుండా తింటాడు. వంటింట్లోకి పిల్లలను రానివ్వడానికి నాకు తెలిసిన అత్యుత్తమ కారణం ఇదే.

పైగా ఇది మన నేలకు దగ్గరి తిండి. వేరుశనగ అంటే అనంతపురం జిల్లా బతుకు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 లాంటి రకాలు ఇక్కడి రైతులు పండించినవే మన ఇంటికి వస్తాయి. వేరుశనగ, బెల్లం కలిపిన ఉండ పిల్లలకు కొత్త కాదు, పెద్దవాళ్ళకు అంతకన్నా కాదు. ఓట్స్ అంటే మొహం చిట్లించే మా అత్తగారు ఈ ఉండలను మాత్రం అడిగి తీసుకుంటారు.

ఏ ఓట్స్ కొనాలన్నదానిలోనూ తేడా ఉంది. ఓవెన్ ముక్కలకు కాస్త మందంగా, రేకులు విడివిడిగా కనిపించేవి కావాలి. రెండు నిమిషాల్లో ఉడికే పలుచని రకం కాలేటప్పుడు పిండిలా మారి ముక్క రాలిపోతుంది. ఉండలకు, పెనం రొట్టెకు ఆ పలుచనివే సులువు. మసాలా కలిపినవి దేనికీ వద్దు. బెల్లమా చక్కెరా అంటే రుచి కోసం బెల్లమే నా ఎంపిక. అయితే బెల్లం వేశాం కదా అని రెండింతలు పెట్టడం సరికాదు. పళ్ళకు, బరువుకు రెండూ ఒకటే. ఓట్స్‌లో నాలుగో వంతు తీసేసి వేయించిన రాగిపిండి కలిపితే ఉండలు నల్లబడినా ఇంకా కమ్మగా ఉంటాయి. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఓట్స్‌లో అందులో ఐదో వంతు కూడా ఉండదు. కొర్రల అటుకులు దొరికితే ఓవెన్ ముక్కల్లో సగం వరకు వేయవచ్చు. వీటికి కరకర ఎక్కువ.

కాలం కూడా తీర్పును మారుస్తుంది. మార్చి చివరి నుంచి జూన్ దాకా అనంతపురమైనా కర్నూలైనా కడపైనా 40 డిగ్రీల ఎండలో ఓవెన్ వెలిగించడం వంటింటిని రెండో ఓవెన్ చేయడమే. ఆ రోజుల్లో వెన్నతో చేసిన ముక్కలు డబ్బాలోనే మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఉండలు నిలుస్తాయి. కానీ వేరుశనగ పొడి వేడికి త్వరగా కనరెక్కుతుంది కాబట్టి వారానికి సరిపడా మాత్రమే చేయాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఓవెన్‌కు మంచి కాలం. మన పొడిగాలికి ముక్కలు పది రోజులైనా కరకరలాడుతూనే ఉంటాయి.

ఏది చేసినా మరవకూడని జాగ్రత్తలు మూడు. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు, కాల్చిన దానిలో కలిపినా సరే. వేరుశనగ, బాదం గింజలను ఐదేళ్ళలోపు వాళ్ళకు విడి గింజలుగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. పొడి చేసే వాడాలి. మొదటిసారి వేరుశనగ పెడుతుంటే చిటికెడుతో మొదలుపెట్టి దద్దుర్లు, వాంతులు లేవని చూసుకోండి.

నా తీర్పు ఇది. ఏడాది నుంచి రెండేళ్ళ బిడ్డ ఒక్కరే ఉంటే పెనం రొట్టెలు. ఇద్దరు ముగ్గురు ఉండి ఎవరూ బడికి వెళ్ళకపోతే ఏడాది పొడవునా ఉండలే. చిన్నవాళ్ళకు నాలుగేళ్ళు దాటి, ‘అది కాలుతుంది’ అంటే ఆగే వయసు వచ్చాక ఓవెన్ కొనండి. అప్పుడు బడి డబ్బాలో పెట్టడానికి ఆ ముక్కలను మించినవి లేవు. ఇంట్లో ఇప్పటికే ఉంటే ఎత్తున పెట్టి, పిల్లలు పడుకున్నాక వాడండి. కొనేటప్పుడు ఎనిమిది అంగుళాల చదరపు పళ్ళెం లోపల పడుతుందో లేదో కొలిచి చూడండి, పడకపోతే పావుకిలో ఓట్స్‌ను రెండు విడతలుగా కాల్చవలసి వస్తుంది. ఓవెన్‌ను ఫ్రిజ్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకుండా, పెద్ద పిన్నుల ప్లగ్గు ఉన్న గోడ దగ్గర విడిగా పెట్టండి.