ఫ్యాన్ పొయ్యి: స్నానాల నీళ్లకు కొనొచ్చా?

వంటింట్లోకి గ్యాస్ వచ్చినా పెరట్లో నీళ్ల పొయ్యి ఆరలేదు. 1999లో దీపం, 2016లో ఉజ్వల వచ్చాక కూడా మన పల్లెల్లో ఎన్నో ఇళ్లలో పొద్దున్నే మూడు రాళ్ల మీద డేగిసా ఎక్కుతుంది. కింద తుమ్మ మొద్దు, దాన్ని రాజేయడానికి ఓ పాల ప్యాకెట్టో తెగిన చెప్పో. పిల్లలు బడికి తయారయ్యే వేళకి ఆ పొగ వాకిలంతా కమ్ముకుని ఉంటుంది. ఈ ఒక్క పనికి ఫ్యాన్ పొయ్యి కొనొచ్చా అంటే, కొనొచ్చు. కాకపోతే కట్టెలు చిన్నగా నరికి ఎండబెట్టే ఓపిక ఉన్న ఇంటికే.

పొయ్యి అంటే ఒకదాంట్లో ఒకటి దిగిన రెండు స్టీలు డబ్బాలు. లోపలి డబ్బాకి అడుగున సన్న బెజ్జాలు, పై అంచు దగ్గర చుట్టూ మరో వరస. కింద చిన్న ఫ్యాను, బ్యాటరీ, వేగం మార్చే మీట. అడుగు గాలి కట్టెను కొద్దిగా కాల్చి పొగ పుట్టిస్తుంది, పై వరసలోంచి వేడెక్కి వచ్చే గాలి ఆ పొగనే మండిస్తుంది. మూడు రాళ్ల దగ్గర కళ్లు నులుముకునేలా చేసే పొగంతా నిజానికి కాలకుండా పోయిన ఇంధనమే.

కొనేముందు కట్టెల పొయ్యిలకున్న భారత ప్రమాణం ఐఎస్ 13152 ప్రకారం పరీక్షించారో లేదో చూడండి. దాని ప్రకారం ఫ్యాన్ పొయ్యి కనీసం 35 శాతం వేడిని గిన్నెకి చేర్చాలి. గిన్నెకి చేరిన ఒక్కో మెగాజౌలు వేడికి (మెగాజౌలు అంటే వేడిని కొలిచే ప్రమాణం) పొగలోని ధూళి 150 మిల్లీగ్రాములు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు 5 గ్రాములు దాటకూడదు. ఫ్యాన్ లేని మెరుగైన పొయ్యికైతే 25 శాతం చాలు, ధూళి 350 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. ఇంటి లెక్కలో చెప్పాలంటే, 20 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగడానికి దాదాపు 3 మెగాజౌళ్లు కావాలి. కిలో ఎండు కట్టెలో సుమారు 15 ఉంటాయి. ఫ్యాన్ పొయ్యిలో 600 గ్రాముల లోపు కట్టె సరిపోతుంది. 15 శాతం వేడి మాత్రమే అందే మూడు రాళ్ల మీద కిలోంబావు పైనే పోతుంది.

ముక్కలు బొటనవేలు మందం, రెండంగుళాల పొడవు ఉండాలి. తుమ్మ, సుబాబుల్, కంది కట్టె, కొబ్బరి చిప్ప అన్నీ పనికొస్తాయి. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. రెండు ముక్కలు కొట్టి చూడండి, ఠంగుమంటే ఎండినట్టు. వానాకాలానికి సరిపడా ఎండల్లోనే నరికి చూరు కింద పేర్చుకోవాలి. ఆ పని చేయని ఇంట్లో జులై కల్లా ఈ పొయ్యి మూలన పడుతుంది.

పై బెజ్జాలకి రెండు వేళ్ల కిందివరకే ముక్కలు నింపాలి. పైన కొబ్బరి పీచు, రెండు కర్పూరం బిళ్లలు పెట్టి పైనుంచే వెలిగించాలి. మొదటి రెండు మూడు నిమిషాలు ఫ్యాను తక్కువలో ఉంచండి, ఒకేసారి పెంచితే మంట ఆరిపోతుంది. పై బెజ్జాల దగ్గర మంటలు పూరేకుల్లా లోపలికి వంగితే సరిగ్గా కుదిరినట్టు. పొగ వస్తోందంటే ముక్కలు బెజ్జాల్ని మూసేశాయి, లేదా ఫ్యాను ఆగింది. మంట తగ్గి ఎర్రటి బొగ్గులు మిగిలాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. అప్పుడు పొగ ఉండదు, వాసన ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది. చలికి వెచ్చగా ఉంటుందని దాన్ని గదిలోకో బాత్రూంలోకో తెస్తే ప్రాణాలు పోతాయి.

ఇందులో చెత్త వేయకండి, ముట్టించడానికి కూడా వద్దు. కవర్లు కరిగి అడుగు బెజ్జాల్లోకి కారి గడ్డకడతాయి, ఆ తర్వాత గాలి ఒక పక్కే ఆడుతుంది. ఫ్లెక్సీ బ్యానర్లు, కరెంటు తీగల తొడుగు, పైపు ముక్కలు పీవీసీ. అవి కాలితే వచ్చే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి స్టీలు డబ్బాని గుంటలు గుంటలుగా తినేస్తుంది. డయాక్సిన్లనే విష రసాయనాలు కూడా పుడతాయి, వాటిని పూర్తిగా కాల్చేసేంత వేడి, వ్యవధి ఏ ఇంటి పొయ్యిలోనూ ఉండవు. పైగా బూడిదలో మిగిలిపోతాయి. అదే బూడిదతో అంట్లు తోముతాం, అదే తెచ్చి వంకాయ మొక్కల మొదట్లో వేస్తాం.

వంటింట్లో గ్యాస్ బదులు దీన్ని పెట్టమని మాత్రం చెప్పం. ఇంటి పొయ్యిల పొగ 2020లో ప్రపంచంలో 32 లక్షల మందిని బలితీసుకుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 150 మిల్లీగ్రాముల ధూళి ఆరుబయట ఫరవాలేదేమో గానీ నాలుగు గోడల మధ్య ఎక్కువే. పెట్టాల్సింది పెరట్లో, కిటికీకి దూరంగా.

పంట వ్యర్థాల్ని నొక్కి చేసే గుళికలు మాత్రమే వాడాలనే మోడల్ వద్దు. బెంగళూరులోని విజ్ఞాన పరిశోధన సంస్థ ఐఐఎస్సీ డిజైనుతో వచ్చిన ఊర్జా పొయ్యి మంచిదే, గుళికల ధర పెరగడంతో వాడేవాళ్లు చాలామంది వదిలేశారు. చివరగా, దుకాణంలో బేరం కుదిరాక ఒక మాట అడగండి: ఫ్యాను, బ్యాటరీ విడిగా అమ్ముతారా? బూడిద ధూళి పట్టేది ఫ్యానుకే, ముందు పాడయ్యేవీ ఈ రెండే. దొరకవంటే ఇంకో దుకాణం చూసుకోండి.