తిరుపతి కాలేజీ పిల్లల మిషన్ క్యాంపు: పగలు బాగుంది, రాత్రే దిద్దుకోవాలి

తిరుపతిలో కొన్ని చర్చి సంఘాలవాళ్లు కలిసి, కాలేజీ విద్యార్థులకు క్రైస్తవ సేవ గురించి చెప్పడానికి నడుపుతున్న మిషన్ క్యాంపు ఇది. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం మధ్యాహ్నం భోజనాలతో అయిపోతుంది. రుసుము 700 రూపాయలు. బస్సు, తిండి, బస అన్నీ అందులోనే. దుప్పటి మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. నలభై మందికి మూడే బాత్రూములు కాబట్టి ఐదింటికే లేస్తే మేలు. ఆదివారం రాగిసంగటి, ఊరిబిండికి వంక పెట్టడానికి లేదు.

ఇచ్చిన డబ్బుకు గిట్టుబాటయ్యేది శనివారం పగలు. పొద్దున ఆరింటికి బస్సు కదిలి పీలేరు మీదుగా మదనపల్లె పక్కన ఆరోగ్యవరం చేరుతుంది. వేర్వేరు మిషన్లు ఏకమై 1915లో ఇక్కడ క్షయ శానిటోరియం పెట్టాయి. క్షయకు మందు స్ట్రెప్టోమైసిన్ 1940ల్లో గానీ రాలేదు. అంతదాకా పొడిగాలి, విశ్రాంతి, బలమైన తిండే వైద్యం. సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ ప్రాంతాన్ని ఎంచుకున్నది అందుకే. గాలి ఆడేలా కట్టిన వార్డుల ముందు నిలబడి ఇదంతా వింటుంటే నర్సింగ్, ఫార్మసీ పిల్లలు అడగడం మొదలుపెడతారు: మిషన్ ఆస్పత్రిలో చేరితే జీతమెంత, పై చదువు సంగతేంటి, ఇంట్లో ఏం చెప్పాలి?

సరిగ్గా అక్కడే క్యాంపు తడబడుతోంది. జవాబు చెప్పగలిగినవాళ్లు బస్సులో లేరు. చిత్తూరుకు 35 కిలోమీటర్ల దూరంలోనే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఉంది. సంఘం స్పాన్సర్ చేస్తే అక్కడ ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత రెండేళ్లు మిషన్ ఆస్పత్రిలో పనిచేసే ఒప్పందం ఎప్పటినుంచో నడుస్తోంది. అలా చదివి పనిచేసిన డాక్టరునో, మిషన్ ఆస్పత్రి నర్సునో పిలిచి ఒక గంట మాట్లాడిస్తే మూడు ప్రసంగాల పెట్టు. బీకాం పిల్లల్నయితే ఎవరూ పట్టించుకోలేదు. విదేశీ విరాళాల చట్టాన్ని (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో సవరించాక బయటి దేశాల విరాళం ఏదైనా ముందు న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఆ లెక్కలు తప్పుల్లేకుండా రాసేవాళ్లు మిషన్ సంస్థలకు కావాలి. మిషన్ అంటే మైకు పట్టుకోవడమే అనుకునే కుర్రాడికి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, చెవి ఒగ్గుతాడు.

శనివారం రాత్రి మీటింగు పాత పద్ధతే. కీబోర్డు హోరు, కన్నీళ్లు, పదింటికి చేతికొచ్చే సమర్పణ కార్డు, అంటే సేవకు వస్తానని మాటిచ్చే కార్డు. దానిమీద పేరు, ఫోన్ నంబరు, ‘పూర్తికాల సేవ’ అన్న గడి, అంతే. పద్దెనిమిదేళ్ల పిల్ల ఆ ఊపులో టిక్కు పెడుతుంది, సోమవారం మిడ్ పరీక్షకు పోతుంది, తర్వాత అడిగే నాథుడుండడు. కార్డు ఆదివారం పొద్దున, టిఫిన్ అయ్యాక ఇవ్వాలి. మూడు గళ్లు చేర్చాలి: ఏ పని వచ్చు, ఏ నెలలో సెలవులు, సంఘంలో ఏ పెద్దకు చెప్పాలి. పది రోజుల్లోపు ఫోన్ వెళ్లకపోతే ఆ కార్డు చిత్తు కాగితమే.

ఒక్క విషయంలో నిర్వాహకుల్ని మెచ్చుకోవాలి. తిరుమలలో ఇతర మత ప్రచారాన్ని ప్రభుత్వం 2007లో నిషేధించిందని మొదటిరోజే ఖరాకండిగా చెప్పారు. సంచిలో కరపత్రాలు మరిచిపోయి స్నేహితులతో సరదాగా కొండెక్కినా చిక్కేనని, బస్టాండులో యాత్రికుల చేతుల్లో కాగితాలు కుక్కొద్దని హెచ్చరించారు. ఆస్పత్రిలో రోగులకు ప్రసంగాలు, వాళ్లతో ఫొటోలు కూడా వద్దన్నారు. ఈ ఊళ్లో ఉంటూ ఇది తెలియకుండా మిషన్ గురించి మాట్లాడటం వట్టి దుడుకుతనం.

ఆడపిల్లలు తక్కువగా రావడానికి కారణం భక్తి లేక కాదు, హాస్టల్ నుంచి బయటికెళ్లే అవుట్‌పాస్ దొరక్క. బస చేసే చోటు చిరునామా, బాధ్యురాలైన ఆంటీ ఫోన్ నంబరు, తిరిగొచ్చే టైము రాసిన సంతకం లెటరు వార్డెన్‌కు కనీసం నాలుగు రోజుల ముందు చేరాలి. ఈసారి శుక్రవారం పొద్దున ఇచ్చారు, సగంమంది ఆగిపోయారు. పద్దెనిమిది నిండని ఇంటర్ పిల్లలకు అమ్మానాన్నల సంతకం తప్పనిసరి చేయాలి.

రాత్రి బస కుదరనివాళ్లకు శనివారం ఒక్కరోజు టికెట్టు 300కు ఇస్తున్నారు. పోస్టరు మీద ఆ సంగతి లేదు, ఫోన్ చేసి అడగాలి.