ఘాట్ రోడ్డు దిగేవారికి షిమానో 105 డిస్క్ బ్రేకులు

రోడ్డు సైకిలుకు డిస్క్ బ్రేకులెందుకని అడిగేవారిని వానాకాలంలో ఒక్కసారి సింహాచలం ఘాట్ రోడ్డు దిగి చూడమంటాను. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకు మొదట ఆ అంచు మీది నీటిని తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. ఈలోపు మలుపు వచ్చేస్తుంది. నా సైకిలుకున్నవి జపాన్ కంపెనీ షిమానో వారి 105 ఆర్7000 శ్రేణి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసేవి. వీటితో ఆ బెంగ లేదు. తడిలోనూ రెండు వేళ్లు చాలు. ఎంత నొక్కితే అంతే ఆగుతుంది, అర్ధాంతరంగా చక్రం బిగుసుకుపోదు.

ఇక కీచుమనే చప్పుడు సంగతి. దీని గురించి విన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం బ్రేకు కాదు, ప్యాడ్లకు (రోటర్‌ను నొక్కి పట్టే బిళ్లలకు) తగిలిన నూనె. చైనుకు స్ప్రే కొడితే ఆ తుంపర వెనక రోటర్ మీద, అంటే చక్రంతో పాటు తిరిగే లోహపు బిళ్ల మీద పడుతుంది. అందుకే చైనుకు చుక్కలుగా వేసే నూనే మేలు. రోటర్‌ను చేత్తో ముట్టుకోకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. రెసిన్ ప్యాడ్లు నూనెను బాగా పీల్చుకుంటే గ్యాస్ పొయ్యి మీద కాల్చే ప్రయోగాలు మానేసి కొత్తవి వేసుకోండి. వేశాక ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి దాదాపు ఆగేదాకా, చక్రం బిగుసుకోకుండా, పదిహేను ఇరవైసార్లు బ్రేకు వేయాలి. ప్యాడ్ పొర రోటర్ మీద సమంగా పరుచుకుంటేనే అసలు బలం తెలుస్తుంది.

రాపిడి వినిపిస్తే చక్రం ఎత్తి తిప్పండి. చుట్టుకు ఒక్కసారే తగిలితే రోటర్ వంగినట్టు. ఆగకుండా రాస్తుంటే కాలిపర్ (ప్యాడ్లు ఉండే భాగం) పక్కకు జరిగినట్టు. రెండోదానికి మందు సులువు: కాలిపర్ బోల్టులు కాస్త వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకుని, మళ్లీ 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల బిగువు ఇవ్వాలి. ఈ తరంలో ప్యాడ్లకూ రోటర్‌కూ మధ్య సందు తక్కువ, కాబట్టి ఓపిక కావాలి. 2021లో వచ్చిన షిమానో పై శ్రేణులు డ్యూరా-ఏస్, అల్టెగ్రాల్లో కంపెనీ ఆ సందును పది శాతం పెంచింది.

చక్రం తీసి సైకిలును రైల్లో వేసేవారు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టి తీరాలి. చక్రం లేకుండా లివర్ నొక్కితే ప్యాడ్లను నెట్టే పిస్టన్లు బయటికొచ్చి, రోటర్ దూరదు.

లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వస్తోందా? రెండు మూడుసార్లు నొక్కితే గట్టిపడుతోందా? గొట్టంలో గాలి చేరింది, బ్లీడింగ్ చేయించాలి, అంటే ఆ గాలిని బయటికి తీయించాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఈ బ్రేకులో పోయాల్సింది మినరల్ ఆయిల్. మోటారు సైకిలు మెకానిక్‌ల దగ్గర సాధారణంగా ఉండేది డాట్ ఫ్లూయిడ్ అనే వేరే రకం బ్రేకు ద్రవం. అది పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి. మెకానిక్ ఎంత మంచివాడైనా, సీసా మీద ఏం రాసి ఉందో మీరే చదవండి. మినరల్ ఆయిల్ డాట్‌లా తేమను పీల్చుకోదు, కాబట్టి తరచూ మార్చే పని ఉండదు. దీన్ని నేను ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

రోటర్ మందం 1.5 మిల్లీమీటర్లకు, ప్యాడ్ పొర అర మిల్లీమీటరుకు తగ్గితే మార్చాల్సిందే. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు తామే ముందుకు జరుగుతాయి. తీగతో నడిచే డిస్క్ బ్రేకులకు ఆ సదుపాయం లేక మాటిమాటికీ బిగించుకోవాలి. అందుకే డబ్బు ఆదా అవుతుందని వాటివైపు వెళ్లమని నేను చెప్పను.

బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొచ్చేవారికి మంచి రిమ్ బ్రేకులు చాలు. అరకు ఘాట్ మీద మనసున్నవారు మాత్రం వీటికే ఖర్చు పెట్టండి. బయలుదేరే ముందు ప్యాడ్ల మందం చూసుకుని, ఒక కొత్త జత సంచీలో వేసుకోండి.