టీ హౌసా, గ్రాండ్ థియేటరా?

హాంకాంగ్‌లో 2019లో తెరిచిన షిచూ సెంటర్‌లో కాంటనీస్ ఒపెరా (పాటలతో సాగే అక్కడి సంప్రదాయ నాటకం) చూడ్డానికి రెండు హాళ్లున్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకైతే నా ఓటు టీ హౌస్ థియేటర్‌కే. 200 మందికి మించి పట్టరు. గంటన్నరలో వేర్వేరు నాటకాల ఘట్టాలు, మధ్యలో వివరణ, టికెట్‌లోనే టీ, డిమ్‌సమ్ అనే చిరుతిళ్లు. నటి తన అంగీ చేతులకు కుట్టిన పొడవాటి తెల్లని పట్టును గాల్లోకి విసిరి, మళ్లీ మడతలు మడతలుగా మణికట్టు మీదికి తెచ్చుకోవడం దగ్గర్నుంచి చూడాల్సిందే!

గ్రాండ్ థియేటర్‌లో 1,073 సీట్లు. పూర్తి నాటకం మూడు గంటలు దాటొచ్చు. రాత్రంతా పద్యనాటకాలు చూసిన మనవాళ్లకు అదేమంత కష్టం కాదు. కథ మొత్తం కావాలంటే ఇదే. ఖరీదైన ముందు వరుస కంటే ఉపశీర్షికల తెర బాగా కనబడే సీటు మేలు. డబ్బు కట్టేముందు ఆ ప్రదర్శనకు ఇంగ్లిష్ ఉపశీర్షికలు ఉన్నాయో లేదో తప్పకుండా చూసుకోండి.