కలక కొలిచే సెన్సర్: రెండు వరదకాలాలు వాడిన తర్వాత

ఒక వాటర్‌షెడ్ (వాన నీరంతా ఒకే ఏటికి చేరే ప్రాంతం) నుంచి వరదతోపాటు ఎంత మట్టి బయటికి పోతున్నదో అంచనా కట్టే పనికోసం, నీరంతా చేరి వెలుపలికి వెళ్ళే చోట వంతెన స్తంభానికి బిగించి, రెండు వరదకాలాల పాటు నేను వాడిన టర్బిడిటీ (నీటి కలక) సెన్సర్ మీద ఈ సమీక్ష. మూరెడు గొట్టం, దాని కొసన కాంతి పంపే చిన్న కిటికీ, ఆ కిటికీని తుడిచే రబ్బరు వైపర్, గట్టు మీద పెట్టెలో అంకెలను దాచుకునే డేటా లాగర్, బ్యాటరీ: పరికరం మొత్తం ఇంతే. పదిహేను నిమిషాలకొకసారి నీటి కలకను ఒక అంకెగా నమోదు చేస్తుంది. తయారీదారు పేరు ఇక్కడ అనవసరం. ఈ తరగతి సెన్సర్లన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి కనుక దీని మంచిచెడ్డలు చాలావరకు వాటికీ వర్తిస్తాయి.

అట్ట మీద దీన్ని ‘ఒండ్రు కొలిచే పరికరం’ అని ముద్రించారు. ఆ మాట సరికాదు. సెన్సర్ 860 నానోమీటర్ల పరారుణ కాంతిని నీటిలోకి పంపి, రేణువులకు తగిలి 90 డిగ్రీల కోణంలో చెదిరి వచ్చిన వెలుగును పట్టుకుంటుంది. ఐఎస్‌ఓ 7027 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే పద్ధతి ఇదే. దీని కొలత యూనిట్ ఎఫ్‌ఎన్‌యు. టంగ్‌స్టన్ దీపపు తెల్లని కాంతితో పనిచేసే పాత పరికరాలు ఎన్‌టియు అనే వేరే యూనిట్‌లో చెబుతాయి. రెండింటినీ ఫార్మజిన్ అనే ఒకే ద్రావణంతో సరిచూసినా, అసలు వరదనీటిలో ముంచితే రెండూ ఒకే అంకె చూపుతాయన్న హామీ లేదు కాబట్టి, పాత రికార్డుకు కొత్త సెన్సర్ అంకెలను నేరుగా అతికించకూడదు. అంతకంటే పెద్ద చిక్కు రేణువు పరిమాణంతో వస్తుంది. లీటరు నీటిలో ఒకే బరువు మట్టి ఉన్నప్పటికీ, అది సన్నని బంకమన్ను అయితే కలక విపరీతంగా కనిపిస్తుంది, ఇసుక అయితే సెన్సర్ దాన్ని దాదాపు పట్టించుకోదు. అంటే సెన్సర్ ఇచ్చే అంకెను మిల్లీగ్రాములుగా మార్చే సూత్రం పెట్టెలో రాదు. ప్రతి నదికీ, ఆ నదిలో బిగించిన ప్రతి చోటుకూ మనమే తయారు చేసుకోవాలి.

ఆ తయారీయే అసలు శ్రమ. వరద ఎక్కుతున్నప్పుడు, పోటు మీద ఉన్నప్పుడు, తీస్తున్నప్పుడు వేర్వేరుగా నీటి నమూనాలు పట్టాలి. నేను డీహెచ్-48 రకం నమూనా పాత్రను వాడాను. చేప ఆకారపు లోహపు తొడుగులో గాజు సీసా, ముందు సన్నని ముక్కు, చేతిలో కడ్డీ. ముక్కులోకి నీరు చేరే వేగం చుట్టూ పారే నీటి వేగంతో సమానంగా ఉండేలా దాన్ని రూపొందించారు. లేకపోతే ఇసుక పాలు నమూనాలో ఎక్కువో తక్కువో అవుతుంది. నీటి పైనుంచి అడుగుదాకా, మళ్ళీ పైకి, ఒకే వేగంతో దించి ఎత్తాలి, సీసా మెడదాకా నిండకముందే బయటికి తీయాలి. సెన్సర్ ఉన్నది ఒక ఒడ్డున ఒకే బిందువు దగ్గర కనుక, వంతెన పొడవునా పలుచోట్ల ఇలాగే పట్టాలి. తర్వాత సీసాలోని నీరంతా వడగట్టి, వడకాగితాన్ని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూకం వేయాలి. ఆరిన కాగితం మీద చాక్లెట్ రంగు పొర పగుళ్ళు తేలుతుంది. వేలితో తాకితే వరద పోటు నాటి కాగితం గరగరలాడుతుంది, తీసిన నాటిది పిండిలా అంటుకుంటుంది. సెన్సర్ అంకెను మిల్లీగ్రాములుగా మార్చే ఒకే సూత్రం రెండింటికీ ఎందుకు సరిపోదో ఆ స్పర్శలోనే తెలుస్తుంది.

ఇక్కడ ప్రయోగశాలతో ఒక జాగ్రత్త. సీసాను కుదిపి అందులోంచి కొంత నీరు మాత్రమే తీసి వడగట్టే పద్ధతి మురుగునీటి పరీక్షలకు వాడుకలో ఉంది. అలా తీసేలోపే ఇసుక అడుగుకు దిగిపోతుంది, ఫలితం తక్కువగా వస్తుంది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు 2000లో రెండు పద్ధతుల ఫలితాలను పోల్చి, నదుల ఒండ్రు లెక్కకు ఇది నమ్మదగినది కాదని తేల్చారు. సీసా మొత్తం వడగట్టమని ముందే రాసి ఇవ్వాలి.

ఇంత కష్టపడి ఈ సెన్సర్ ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు, అది లేకుండా లెక్క కట్టే తీరులోనే ఉంది. మామూలుగా కొన్ని నమూనాల ఆధారంగా ప్రవాహానికీ ఒండ్రు సాంద్రతకూ మధ్య ఒక రేటింగ్ వక్రం గీసి, రోజువారీ ప్రవాహాన్ని అందులో వేసి టన్నులు రాబడతారు. అయితే ఒకే ప్రవాహం దగ్గర వరద ఎక్కేటప్పుడు నీళ్ళు చిక్కటి బురదగా, తీసేటప్పుడు పలచగా ఉండటం తరచూ కనిపిస్తుంది. చాలాకాలం ఎండిన నేల మీద పడిన తొలి వాన తెచ్చే మట్టిని అంతే ప్రవాహంతో నెల తర్వాత వచ్చిన వరద తేదు. వక్రానికి ఈ తేడా తెలియదు. పైగా లాగరిథమ్ అంకెల మీద గీసిన గీతను సవరణ లేకుండా తిరిగి మామూలు అంకెలకు మార్చితే, ఒండ్రు భారం అసలులో సగం దాకా తగ్గి కనిపించవచ్చని ఫెర్గ్యూసన్ అనే పరిశోధకుడు 1986లోనే చూపించాడు. ఈ సవరణను ఇప్పటికీ మరిచిపోయే నివేదికలు నా చేతికి వస్తూనే ఉన్నాయి. ఏడాది ఒండ్రులో అధికభాగం కొద్ది రోజుల వరదల్లోనే కదులుతుంది, ఆ వరద అర్ధరాత్రి వస్తే సీసా పట్టుకుని వంతెన మీద నిలబడేవారు ఉండరు. సెన్సర్ ఉంటుంది. ప్రవాహం శిఖరానికి చేరడానికి చాలా ముందే కలక శిఖరానికి చేరి దిగిపోవడం మొదటిసారి తెర మీద చూసినప్పుడు, అంతకుముందు వక్రంతో నేను కట్టిన లెక్కల మీద నాకే నమ్మకం సడలింది. ఈ ఒక్క గుణానికే నేను దీనికి మంచి మార్కులు వేస్తాను.

లోపాల్లో మొదటిది గరిష్ఠ పరిమితి. నా సెన్సర్ 4000 ఎఫ్‌ఎన్‌యు దగ్గర ఆగిపోతుంది. పెద్ద వరదలో గీత ఎక్కి, బల్లపరుపుగా సాగి, దిగింది. మట్టి ఎక్కువగా పోయే గంటల్లోనే కొలత లేదు. దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఆ బల్లపరుపు గీతను సరైన కొలతగా లెక్కలో కలిపేసింది, ఒక హెచ్చరిక గుర్తు కూడా పెట్టలేదు. ఇంకా ప్రమాదకరమైన సంగతి, 90 డిగ్రీల పద్ధతిలో బురద మరీ చిక్కబడితే చెదిరిన కాంతిని ఆ బురదే మింగేస్తుంది, దాంతో ఒండ్రు పెరుగుతున్నా అంకె తగ్గవచ్చు. చిక్కటి నీరు పారే నదులకు వెనక్కి చెదిరే కాంతిని పట్టే రకం మేలు.

రెండవది నాచు. వైపర్ ఉన్నా, ఎండకాలపు నెమ్మది ప్రవాహంలో కిటికీ అంచుల నుంచి జిగురు పొర పాకి, వాన చినుకు లేకుండానే కలక రోజురోజుకూ పెరిగినట్టు చూపింది. వైపర్ రబ్బరు అరిగి, దానికింద ఇసుక రేణువు ఇరుక్కుని కిటికీ మీద గీతలు పడ్డాయి. కొత్త రబ్బరు కోసం అమ్మినవారికి రాస్తే, అది రావడానికి ఒక వరద దాటిపోయింది. ఒకసారి చిక్కుకున్న ఆకును నేను రెండు రోజులు వరద అనుకున్న మాట కూడా దాచనక్కరలేదు. నీటిమట్టం గీతను పక్కన పెట్టి చూసి ఉంటే నిమిషంలో తేలేది.

కొనేవారు తెలుసుకోవలసిన మరో విషయం, ఇది ఒంటరిగా టన్నులు చెప్పలేదు. ప్రవాహం వేరుగా కొలవాలి. సెకనుకు 40 ఘనపు మీటర్ల నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల ఒండ్రు ఉంటే, ఆ రెండు అంకెల లబ్ధాన్ని 0.0864తో హెచ్చవేస్తే రోజుకు 1,728 టన్నులు. ప్రవాహపు కొలతలో పదిశాతం తప్పు ఉంటే ఆ తప్పు యథాతథంగా టన్నుల్లోకి దిగుతుంది. అడుగున దొర్లుకుంటూ పోయే ముతక ఇసుకా గులకరాళ్ళూ దీని కంటికి అసలే ఆనవు. పైన చేలల్లో కోసుకుపోయిన మట్టి ఎంతో కూడా ఇది చెప్పదు, ఎందుకంటే అందులో చాలాభాగం దారిలోనే గట్ల కింద, పల్లాల్లో, కుంటల్లో మేట వేసి ఆగిపోతుంది.

వరదల్లో నమూనాలు పట్టే మనుషులు, తూకం వేసే ప్రయోగశాల, ప్రవాహం కొలిచే ఏర్పాటు ముందే ఉన్నవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఆ మూడూ లేనివారు ముందు నమూనా పాత్ర, సీసాలు కొనడం మంచిది. సెన్సర్ తీసుకునేవారు తమ నదిలో పెద్ద వరదనాటి నీటిని ఒక సీసాలో తెచ్చి, అమ్మేవారి ముందే అందులో ముంచి అంకె చూడాలి. వైపర్ రబ్బర్లు కనీసం రెండు అదనంగా అదే రోజు అడిగి తీసుకోవాలి.