కొండకూ సైకిలుకూ ఒకే హెల్మెట్ చాలుతుందా: పెట్జెల్ బోరియోపై సమీక్ష

నాగలాపురం వాగుల వెంట రాళ్లెక్కడానికీ, చంద్రగిరి రోడ్డులో సైకిలు తొక్కడానికీ ఒకే హెల్మెట్ కొంటే సరిపోతుందా అన్నది తిరుపతిలో ఈ రెండు అలవాట్లూ ఉన్నవారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న. కొండలెక్కేవారి కోసం చేసిన పెట్జెల్ బోరియో హెల్మెట్ విషయంలో నా అభిప్రాయం స్పష్టం: కొండకు నిక్షేపంగా కొనవచ్చు, సైకిలుకు మాత్రం వద్దు.

పైన గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ చిప్ప, లోపల రెండు రకాల ఫోమ్ ఉండటం వల్ల ఇది నడినెత్తితో పాటు పక్కలనూ వెనుక భాగాన్నీ కాస్తుంది. తలలైటు జారిపోకుండా ముందు రెండు కొక్కేలు, వెనుక సాగే పట్టీ ఉన్నాయి. చీకటి ఉండగానే నడక మొదలుపెట్టేవారికి ఇది పెద్ద సౌకర్యం. శేషాచలం రాయి గట్టిదే అయినా వానలకు పగుళ్ల దగ్గర వదులవుతుంది. 2021 డిసెంబరులో తిరుమల రెండో ఘాట్ రోడ్డుపై బండరాళ్లు విరిగిపడిన సంగతి మనకు తెలిసిందే.

చిక్కంతా పరీక్షల్లోనే ఉంది. బోరియో పొందిన ఈఎన్ 12492 అనే యూరోపియన్ ప్రమాణం పైనుంచి పడే రాయిని దృష్టిలో పెట్టుకున్నది: 5 కిలోల దిమ్మెను 2 మీటర్ల ఎత్తు నుంచి నెత్తిపై వదిలితే తలకు చేరే బలం 10 కిలోన్యూటన్లు దాటకూడదు, కానీ పక్కలకు, ముందు వెనుకలకు ఆ ఎత్తు అర మీటరే. సైకిలు మీంచి పడినవారికి సాధారణంగా దెబ్బ తగిలేది నుదుటికీ కణతకూ కదా! అందుకే సైకిలు ప్రమాణమైన ఈఎన్ 1078లో హెల్మెట్ తొడిగిన నమూనా తలనే సెకనుకు 5.42 మీటర్ల వేగంతో చదునైన దిమ్మెపై పడేస్తారు. అయితే మొనదేలిన వస్తువు చొచ్చుకుపోయే పరీక్ష అందులో లేదు. వెడల్పాటి గాలి రంధ్రాలున్న సైకిలు హెల్మెట్‌తో రాళ్ల కిందికి వెళ్లడమూ అంతే ప్రమాదం.

ఒక్కటే కావాలని పట్టుబట్టేవారు హెల్మెట్ లోపలి చీటీపై ఈఎన్ 12492, ఈఎన్ 1078 రెండూ ఉన్నాయేమో చూసుకోవాలి. అమ్మేవారి మాట దానికి బదులు కాదు. మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 4151 గుర్తు చూసి సరిపెట్టుకోవద్దు, అది మోటారు సైకిళ్లకు సంబంధించినది. గడ్డం పట్టీ పెట్టుకోకుండా తల వంచి ఊపినప్పుడు కదలనిదే మీ కొలత. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌కు పైకి పగులు కనిపించకపోయినా, లోపలి ఫోమ్ నలిగి ఉంటుంది కనుక దాన్ని మళ్లీ వాడవద్దు.